పగ తీరిన తరువాత

పగ మన కథలకు కొత్త వస్తువు కాదు. నిండు సభలో అవమానపడి శపథం చేసిన ద్రౌపది కథ తెలియని తెలుగువాడు అరుదు. అయితే ఒక పగ కథను పదిమంది పక్కపక్కన కూర్చుని చూసినా, ఆ పదిమందీ చూసేది ఒకే కథ కాదు. ఈ సంగతి నాకు ఒక హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమా దగ్గర బోధపడింది.

సినిమా పేరు 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'. 1972లో లో వెయ్ దర్శకత్వంలో వచ్చింది. కథానాయకుడు బ్రూస్ లీ. మరుసటి ఏడాది జూలై 20న, 32 ఏళ్లకే ఆయన కన్నుమూశాడు. కథ షాంఘైలో జరుగుతుంది. గురువు హువో యువాన్‌జియా మరణవార్త విని చెన్ జెన్ అనే శిష్యుడు పరుగున వస్తాడు. గురువు సంతాపసభలోకే జపాన్ వ్యాయామశాల వాళ్లు వచ్చి, 'తూర్పు ఆసియా రోగిష్ఠులు' అని రాసిన పటం ఇచ్చి పోతారు. గురువుకు విషం పెట్టారని తర్వాత తెలుస్తుంది. ఇక అక్కణ్ణుంచి ప్రతీకారమే. హువో 1910లో చనిపోయిన నిజమైన మనిషి. చెన్ జెన్ మాత్రం కల్పిత పాత్ర.

మా ఇల్లు మదనపల్లె, పెద్దమ్మ వాళ్లది పుంగనూరు, నా చదువు కుప్పంలో. ఒకే ఏడాది ఈ మూడు ఊళ్లలోనూ, మూడు రకాల మనుషుల మధ్య, ఈ సినిమా చూసే యోగం పట్టింది.

మదనపల్లెలో నేస్తులమంతా మిద్దె మీద గోడకు తెల్లదుప్పటి కట్టి చూశాం. ఇంగ్లీషు మాటలు సగం అర్థం కాలేదు. కాళ్లతో మాట్లాడేవాడికి భాషతో పనేముంది? మాలో ఇద్దరు కరాటే నేర్చుకునేవాళ్లు. నుంచాకు గిర్రున తిరుగుతుంటే రెప్ప వేయలేదు. చెన్ జెన్ ఆ పటం తీసుకుని ఒంటరిగా జపాన్ వాళ్ల వ్యాయామశాలకు పోయి, అందరినీ చితకబాది, ఆ కాగితాన్ని వాళ్ల చేతనే నమిలించే ఘట్టంలో మిద్దె అదిరిపోయేలా ఈలలు. ఒక్కడు మాత్రం ఈల వేయలేదు. సెలవుల్లో టమోటా మార్కెట్లో క్రేట్లు మోసే నేస్తం వాడు. "రేయ్, ఆ పటం ఇచ్చినప్పుడు వీళ్లంతా తల వంచుకొని నిలబడినారే, అది ఇంకోసారి పెట్టు" అన్నాడు. పెట్టాం. "మాట పడి నోరెత్తకుండా నిలబడేది ఎట్లుంటాదో నాకు తెలుసు" అన్నాడు నెమ్మదిగా. మేమంతా దెబ్బలు చూశాం. వాడు దెబ్బకు ముందున్న మౌనాన్ని చూశాడు.

పుంగనూరులో ప్రేక్షకురాలు మా పెద్దమ్మ. చింతపండు గింజలు తీస్తూ ఓరకంట చూస్తోంది. ఆమె పుట్టిల్లు అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఊరి కక్షల్లో తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఆ చావుకు ప్రతీకారం జరిగింది. ఆ ప్రతీకారానికీ ప్రతీకారం జరిగింది. చివరికి మిగిలినవి కోర్టు వాయిదాలూ, బీడుపడిన చేలూ.

సినిమాలో చెన్ జెన్ పగ తీర్చుకోను పోయిన వేళకే శత్రువులు అతని బడి మీద పడి తోటివాళ్లను చంపేస్తారు. బడినైనా నిలుపుదామని అతను పోలీసులకు లొంగిపోవడానికి బయటికి వస్తాడు. ఎదురుగా తుపాకులు వరసతీరి ఉంటాయి. అరుస్తూ పైకి ఎగురుతాడు. బొమ్మ అక్కడే నిలిచిపోతుంది, తుపాకుల మోత వినిపిస్తుంది. మదనపల్లెలో ఈ ఘట్టానికి చప్పట్లు కొట్టాం. పెద్దమ్మ మాత్రం చేతిలో చింతపండు పక్కన పెట్టి, "వాణ్ణి చేసుకోవాల్సిన ఆ పిల్ల ఏమైంది నాయనా?" అని అడిగింది.

"సినిమా అయిపోయింది పెద్దమ్మా."

"సినిమాకేం, అయిపోతాది" అనింది.

ఇక కుప్పం. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. మా గదిలో కృష్ణగిరి వైపు తమిళుడొకడు, కోలారు వైపు కన్నడిగుడొకడు, తెలుగువాళ్లం ఇద్దరం. పార్కు గేటు ఘట్టం వచ్చింది. 'కుక్కలకూ చైనీయులకూ ప్రవేశం లేదు' అనే బోర్డును చెన్ జెన్ ఎగిరి తన్ని ముక్కలు చేస్తాడు. అందరం కేకలు వేస్తుంటే కన్నడ మిత్రుడు అడిగాడు: "ఆ గేటు కాడ తలపాగా కట్టుకొని నిలబడింది మన దేశంవాడే గదప్పా?"

అవును, మనవాడే. ఆ రోజుల్లో షాంఘైలో విదేశీయుల పెత్తనం కింద ఉన్న ప్రాంతానికి బ్రిటిష్ వాళ్లు మన సిక్కులను పోలీసులుగా తీసుకుపోయారు. షాంఘై పార్కులోకి మామూలు చైనీయులను 1928 దాకా రానివ్వలేదన్నది చరిత్ర. సినిమాలో చెన్ జెన్‌ను ఆపి, ఆ బోర్డు వైపు చూపించిన వేలు ఆ కాపలావాడిదే. ఆ రాత్రి వాదన చాలాసేపు సాగింది. పొట్టకూటికి నిలబడినాడు, తప్పేముందని ఒకరు. తన దేశంలోనే తనకు ఇలాంటి గేట్లుండగా ఇంకొకరి గేటుకు కాపలా ఎందుకని ఇంకొకరు. ఎవరూ నెగ్గలేదు.

తర్వాత తెలిసిందేమంటే, ఈ కథను తీసినవాళ్లలోనే మా గదిలోకంటే ఎక్కువ వాదన ఉంది. 1994లో జెట్ లీతో ఇదే కథను 'ఫిస్ట్ ఆఫ్ లెజెండ్'గా మళ్లీ తీశారు. అందులో చెన్ జెన్ ప్రేమించింది జపాన్ పిల్లను. చివర అతను ప్రాణాలతో మిగులుతాడు. 2006లో అదే జెట్ లీ 'ఫియర్‌లెస్'లో గురువు హువో వేషం కట్టాడు. అక్కడ పగకు పగ వచ్చి హువో తల్లినీ కూతురినీ బలి తీసుకుంటుంది. అది చూశాక, ఆ గురువు పేరు మీద పగ తీర్చమని శిష్యుణ్ణి ఎవరు అడగగలరు? పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు హాంకాంగ్ వాళ్లకు 34 ఏళ్లు పట్టింది.

మనకు అంతకంటే ముందే జవాబుంది. కొడుకులను నిద్రలో చంపిన అశ్వత్థామను కట్టి తెచ్చి కాళ్ల ముందు పడేస్తే, వదిలేయమన్నది భాగవతంలోని ద్రౌపది. తనలాగా అతని తల్లి ఏడవకూడదన్నది. సభలో శపథం చేసినామె, కడుపుకోత తెలిసినామె, ఇద్దరూ ఒకే ద్రౌపది.

అందుకే ఈలవేసినవాడిని నేను తక్కువ చేయను. అవమానం నిజం, దానికి జవాబు ఉండాలన్న కోరికా నిజం. మా మార్కెట్ నేస్తానికి ఆ రెండు గంటలే దొరికిన ఊరట. కానీ మన ప్రాంతంలో పగ అనేది తెరమీదే ఉండిపోదు. ఎన్నికలొచ్చినా, ఊళ్లో తగాదా వచ్చినా, ఎవరి రోషానికో తోడు రమ్మని మన వయసువాళ్లనే పిలుస్తారు. బిరియానీ పొట్లం పెడతారు, జీపెక్కమంటారు. ఎక్కినవాడు తనను చెన్ జెన్ అనుకుంటాడు. గేటు దగ్గర తలపాగా కట్టుకుని నిలబడినవాడు తానేనేమోనన్న అనుమానం వాడికి రాదు.

మిత్రులారా, ఈసారి ఎవరైనా మిమ్మల్ని అలా పిలిస్తే రెండే రెండు అడగండి. ఈ గేటు ఎవరిది? మనం పోయినాక ఇంట్లో చింతపండు గింజలు తీసేవాళ్ల సంగతేమిటి?