గోడ తగిలేదాకా వెల్లకిలానే



ఈసారి మేము ఈత పందెం గురించి రాస్తున్నామంటే కొందరు నవ్వుకుంటారేమో. మా సంఘంలోని యవనస్థులు క్రికెట్ తప్ప మరో ఆట చూడరు, మేమూ అంతే. అయినా 2023 జూలైలో జపాన్‌లోని ఫుకువోకా పట్టణంలో జరిగిన ప్రపంచ ఈత పోటీల్లో ఆడవాళ్ల బ్యాక్‌స్ట్రోక్ పందాలను ఈ మధ్య ఫోనులో పదేపదే చూశాము. ఎందుకో చెబుతాము.

బ్యాక్‌స్ట్రోక్ అంటే మన ఊళ్లలో వెల్లకిల ఈత. నడుముకు బెండు కట్టుకుని కాలువలో ఈత నేర్చుకున్నవాళ్లకు తెలుసు, బోర్లా ఈదీ ఈదీ రెక్కలు పడిపోతే కాసేపు వెల్లకిలా తిరిగి తేలుతూ ఊపిరి తీసుకుంటాము. మనకది అలసట తీర్చుకునే ఈత. అక్కడ అదే పందెం. మిగతా పందాల్లో దిమ్మె మీద నిలబడి నీళ్లలోకి దూకుతారు. వీళ్లు మాత్రం ముందే నీళ్లలోకి దిగి, గోడకు ఎదురుగా, దిమ్మెకున్న పిడి పట్టుకుని ముడుచుకుని ఉంటారు. సంకేతం మోగగానే వెనక్కి విరుచుకుపడతారు. అక్కడినుంచి వెళ్లే వైపు చూపు ఉండదు. పైన కప్పు, కాళ్లవైపు తాము దాటివచ్చిన నీళ్లు. చేరాల్సిన గోడ తల వెనకాల ఎక్కడో ఉంటుంది.

మరి గోడ దగ్గరపడిందని ఎలా తెలుస్తుంది? గోడకు 5 మీటర్ల ఇవతల కొలనుకు అడ్డంగా చిన్నచిన్న జెండాల తోరణం కడతారు, క్రిస్మస్‌కు మనం మందిరంలో కట్టే రంగుకాగితాల తోరణంలాగే ఉంటుంది. అది కళ్లమీదుగా దాటగానే బారలు లెక్కపెట్టుకుంటారు. లెక్క తప్పితే తల గోడకు కొట్టుకుంటుంది, లేదంటే చేయి అందక సమయం పోతుంది. మలుపు దగ్గర ఒక్క బార వరకు బోర్లా తిరగనిస్తారు గాని, ముగింపులో అదీ లేదు. వెల్లకిలా ఉండగానే గోడ తాకాలి.

ఆ పోటీలకు ఆస్ట్రేలియా నుంచి కేలీ మెకియోన్ అనే అమ్మాయి వచ్చింది. అప్పటికి 22 ఏళ్లు. వాళ్ల నాన్న షోల్టో మెదడు క్యాన్సర్‌తో 2020 ఆగస్టులో చనిపోయాడు. ఏడాది తిరగకుండానే, 2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ గెలిచింది, కొద్దిరోజులకే 200 కూడా గెలిచింది. నాన్న జ్ఞాపకంగా పాదం మీద పచ్చబొట్టు వేయించుకుంది. పచ్చబొట్లు మాకు నచ్చవు, అయినా అది పాదం మీదే ఉండటం మమ్మల్ని ఆపింది. వెల్లకిలా ఈదేవాళ్ల పాదాలు ఎప్పుడూ దాటివచ్చిన వైపే ఉంటాయి కదా.

ఫుకువోకాలో ఆమెకు మొదటిరోజే దెబ్బ తగిలింది. 200 మీటర్ల మెడ్లీ సెమీఫైనల్. నాలుగు రకాల ఈతలూ కలిపి ఈదే పందెం అది. వెల్లకిల ఈత ముగించి బ్రెస్ట్‌స్ట్రోక్‌లోకి మారేచోట, వీపు మీద ఉండగానే గోడ తాకాలి, ఆ తర్వాతే తిరగాలి. తాకకముందే నిలువు గీత దాటి తిరిగిందని అధికారులు ఆమె ఈతను రద్దు చేశారు. మామూలు కంటికి పట్టుబడనంత చిన్న సంగతి.

రెండురోజుల తర్వాత 100 మీటర్ల ఫైనల్‌లో 57.53 సెకన్లకు గెలిచింది. తర్వాత 50 మీటర్లు, 27.08. చివరికి 200 మీటర్లు, 2 నిమిషాల 3.85 సెకన్లు. ఒకే ప్రపంచ పోటీల్లో బ్యాక్‌స్ట్రోక్ మూడు దూరాలూ గెలిచిన మొదటి స్త్రీ ఆమే. ఆ మూడింటిలోనూ రెండో స్థానం అమెరికా అమ్మాయి రీగన్ స్మిత్‌దే. 50 మీటర్లలో తేడా సెకనులో నూరింట మూడు వంతులు. నిజం చెప్పాలంటే మా మనసు ఎక్కువగా ఆమెవైపే పోయింది. ఈ ఈతలో ముందున్నవాళ్లు తల వెనకాలే ఉంటారు, వెనకబడినవాళ్లకు కనిపించరు. ఆమె మాత్రం నలిగిపోలేదు. 2024 జూన్‌లో ఇండియానాపోలిస్‌లో 57.13 సెకన్లకు 100 మీటర్ల ప్రపంచ రికార్డు రాసింది. సరే, ఆమె సంగతి మరోసారి.

ఇవన్నీ మేము ఎందుకు చూశామంటే, మా సంఘంలో ఒక సహోదరి ఉంది. రెండేళ్ల క్రితం ఆమె భర్త పొలంలో మోటారు దగ్గర కరెంటు తగిలి చనిపోయాడు. ఆదరణ కూడిక ముగిసీ ముగియకముందే బంధువులు మొదలుపెట్టారు, ఇక వెనక్కి చూడకమ్మా అని. ఒక పెద్దాయన లోతు భార్యను కూడా తెచ్చాడు. ఇలాంటి సమయంలో ఆ ఉప్పుస్తంభాన్ని ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. పౌలు ఫిలిప్పీయులకు రాసినప్పుడు వెనకున్నవి మరుస్తున్నానన్నాడు నిజమే. పైవచనాలు చదివితే ఆయన లెక్కచేయనన్నది తన వంశాన్ని, తన గొప్పలను. సమాధిలో పెట్టుకున్న ఆప్తులను కాదు. లాజరును లేపబోతున్నానని తెలిసికూడా ప్రభువు కన్నీళ్లు విడిచాడు.

భర్త ఆమెకు ఒక నోటుబుక్కు వదిలి వెళ్లాడు. ఏ తేదీన నారు పోశాడో, ఎన్ని బస్తాల యూరియా పడిందో, నీటి వంతు ఎప్పుడొచ్చిందో, ఎవరికెంత బాకీయో, అన్నీ వంకర అక్షరాలతో. ఆమె అది ముందు పెట్టుకునే రెండెకరాలు కౌలుకు చేస్తోంది. ప్రతి పనికీ ముందు వెనక్కి పేజీలు తిప్పుతుంది. మొదటి పంట అంతంతమాత్రం. రెండోది గింజ బాగానే రాలింది, అప్పులో సగం తీరింది.

పోయిన నెలలో ఆమె అన్నదమ్ములు మా ఇంటికి వచ్చారు. పుస్తకం అవతల పెట్టేసి, కౌలు వదిలేసి, హైదరాబాదులో కూతురి దగ్గరకు వెళ్లమని మీరు చెబితే వింటుంది అయ్యగారూ అన్నారు. వాళ్లది ప్రేమే, మేము కాదనము. పొలంలో ఒంటరిగా ఉన్న ఆడమనిషి మీద అన్నదమ్ములకు భయం ఉండదా? అయినా ఆ మాట ఆమెతో మేము చెప్పబోమని చెప్పాము. ఆమె చేయి ఇంకా గోడకు తగలలేదు. తగిలినరోజు ఆమే తిరుగుతుంది. అన్నదమ్ములు టీ తాగకుండా లేచి వెళ్లారు.

మొన్న ఆదివారం ఆరాధన తర్వాత ఆమె అమ్మగారి దగ్గరకు వచ్చి, గురువారం నారు పోస్తున్నాము, ప్రార్థన చేయమంది. చేతిలో ఆ పుస్తకం ఉంది. ఆయన రాసిన చివరి పేజీ కింద గీత గీసి, తేదీ వేసి, తన అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. విత్తనాలు 50 కిలోలు, కూలీలు నలుగురు.