సంతకానికి రెండొందల కిలోమీటర్లు!

సిరిసిల్లలో పొద్దస్తమానం మరమగ్గాల చప్పుడే. అక్కణ్నుంచి ఉప్పల్ స్టేడియం సుమారు 150 కిలోమీటర్లు. జగిత్యాల నుంచి దాదాపు 200. కోరుట్ల అయితే ఇంకాస్త ఎక్కువే. అభిమాన క్రికెటర్ సంతకం కావాలంటే జూబ్లీ బస్టాండులో దిగి, మరో బస్సు పట్టుకుని, గేటు దగ్గర పడిగాపులు కాయాలి. ఇంతా చేస్తే దక్కేది అర నిమిషం! ఆటగాడు నవ్వుతూ సంతకం చేస్తే తిరుగు ప్రయాణంలో అలసటే తెలీదు. చూడనట్టు వెళ్లిపోతే... ఆ వెలితి ఇల్లు చేరినా తీరదు.

మరి, సంతకం దొరక్కపోతే అంతా వృథాయేనా? 2016 ఆగస్టు 22న రియో రజతంతో వచ్చిన పి.వి.సింధును శంషాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా ఓపెన్‌టాప్ బస్సులో ఊరేగించారు. దారిపొడవునా జనమే. అందరికీ సంతకాలు ఇవ్వడం ఎవరి తరం? చేయి ఊపింది. చూసినవాళ్లకు అదే పదివేలు!

2018 అక్టోబరు 12న ఉప్పల్‌లో జరిగింది వేరు. వెస్టిండీస్‌తో టెస్టు మధ్యలో ఓ కుర్రాడు మైదానంలోకి దూసుకొచ్చాడు. కోహ్లితో సెల్ఫీ తీసుకుంటూ ముద్దు పెట్టబోయాడు. కోహ్లి ఇబ్బందిగా తప్పుకున్నాడు. సిబ్బంది కుర్రాణ్ని బయటికి లాక్కెళ్లారు.

ఆటగాడూ అలసిపోయే మనిషే. అందుకే పెన్నూ పుస్తకంతో పాటు కాస్త ఓపికా వెంట ఉండాలి. ఆటగాళ్లకూ ఓ మాట... గేటు దగ్గర పుస్తకం చాచిన ఆ పిల్లాడు తెల్లవారుజామున కోరుట్లలో బస్సెక్కి ఉండొచ్చు!