టెంట్‌లో నీ పక్కన ఎవరు?

కుస్కోలో దిగిన టూరిస్టులు చాలామందికి మొదటి రోజే ఒక డౌట్ వస్తుంది. ప్లాసా దే అర్మాస్ అనే పెద్ద కూడలిలో, షాపుల మీద, బాల్కనీల్లో ఎక్కడ చూసినా రెయిన్‌బో జెండాలే. "అబ్బో, ఊరు ఊరంతా ప్రైడ్ జరుపుకుంటోందే!" అనుకుంటారు. కాదు. అది కుస్కో నగరం జెండా. ఇంకాల వారసత్వానికి గుర్తుగా ఎగరేసుకుంటారు. లెక్కపెడితే తేడా తెలుస్తుంది. ఇప్పుడు అందరూ వాడే ప్రైడ్ జెండాలో ఆరు చారలు, కుస్కో జెండాలో ఏడు. లేత నీలం ఒకటి ఎక్కువ. తమాషా ఏంటంటే, కుస్కో తన జెండాను అధికారికంగా తీసుకున్నదీ, గిల్బర్ట్ బేకర్ రూపొందించిన ప్రైడ్ జెండా శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటిసారి ఎగిరిందీ 1978లోనే. 2021లో కుస్కో తన జెండా మధ్యలో బంగారు రంగు సూర్యుడి గుర్తును కూడా చేర్చుకుంది.

మా గైడ్ మొదటి మీటింగ్‌లోనే నవ్వుతూ చెప్పేశాడు: "ఆ జెండాలు మీకోసం కట్టినవి కావు. కానీ ఫొటోలు దిగితే మాకేం అభ్యంతరం లేదు."

మేం 12 మందిమి. అందరం గే మగవాళ్లం. కొలరాడో నుంచి ఒక నర్సు, గ్వాదలహారా నుంచి ఒక స్కూల్ టీచర్, టొరంటో నుంచి 31 ఏళ్లుగా కలిసి ఉంటున్న ఒక జంట, ఇంకా కొందరు. డాలస్ నుంచి నేను, గుంటూరు జిల్లా కుర్రాడిని. గే ట్రావెలర్స్ కోసమే ట్రిప్పులు వేసే కంపెనీలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక దాంట్లో పేరు ఇచ్చాను. ఇంకా ట్రైల్ మీద నాలుగు రోజులు నడిచి మాచు పిచ్చు చేరాలి. అదీ ప్లాన్.

నా గురించి తెలిసిన కాలేజీ ఫ్రెండ్ ఒకడు ఫోన్‌లో అడిగాడు: "కొండెక్కడానికి గే గ్రూప్ ఎందుకురా? నువ్వెవరో కొండకేం తెలుసు?"

మంచి ప్రశ్నే. కొండకి తెలియదు, నిజం. కానీ ట్రెక్ అంటే కొండ ఒక్కటే కాదు కదా. రాత్రిళ్లు టెంట్ కూడా ఉంటుంది.

లిస్టులో చివరి పేరు

హైదరాబాద్‌లో పనిచేసేటప్పుడు మా టీమ్ అంతా చలికాలంలో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్లాం. టెంట్‌కి ముగ్గురు. దానికి కొన్ని వారాల ముందే నేను గే అని ఒక కొలీగ్‌కి చెప్పాను. బేస్ క్యాంప్‌లో లిస్ట్ చదివారు. అందరి పేర్లూ మూడేసి, మూడేసి. చివర్లో నా పేరు, ఒక్కటే. "నీకు ప్రైవసీ ఉంటుందని" అన్నారు. ఎవరూ తిట్టలేదు, వెక్కిరించలేదు. పొద్దున్నే టీ కూడా తెచ్చిచ్చారు. కానీ మంచులో ముగ్గురు పడుకున్న టెంట్‌కీ, ఒక్కడు పడుకున్న టెంట్‌కీ చలిలో చాలా తేడా ఉంటుంది. ఆ తేడా ఆ ట్రిప్‌లో నాకొక్కడికే తెలుసు.

పెరూలో లిస్ట్ చదివినప్పుడు నా పేరు పక్కన గ్వాదలహారా టీచర్ పేరు ఉంది. ఆయన నన్ను అడిగింది ఒకటే: "గురక పెడతావా?"

ఇంకా... ఇంకా...

ముందు కొన్ని పనికొచ్చే విషయాలు. ఈ ట్రైల్ మీద సొంతంగా నడవడానికి వీల్లేదు, లైసెన్స్ ఉన్న గైడ్‌తోనే వెళ్లాలి. రోజుకి 500 మందికే పర్మిట్. అందులో గైడ్లు, పోర్టర్లు కూడా కలిసే ఉంటారు కాబట్టి టూరిస్టులకి మిగిలేవి 200 చుట్టూ ఉంటాయి. నెలల ముందే బుక్ చేసుకోవాలి. పర్మిట్ మీద ఉన్న పాస్‌పోర్ట్ నంబరూ, చేతిలో ఉన్న పాస్‌పోర్టూ ఒకటే కావాలి. ఫిబ్రవరి నెలంతా ట్రైల్ మూసేస్తారు. కుస్కో 3,400 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి కనీసం రెండు రోజులు అక్కడ ఊరికే తిరిగి, కోకా ఆకుల టీ తాగి, శరీరాన్ని అలవాటు చేసుకోవాలి. మొదటి రాత్రి హోటల్ మెట్లెక్కితేనే నాకు ఆయాసం వచ్చింది.

నడక కిలోమీటర్ 82 అనే చోట మొదలవుతుంది. రైలు పట్టాల పక్కనున్న కిలోమీటర్ గుర్తే ఆ చోటికి పేరైంది. అక్కడ పోర్టర్ల బరువులు తూకం వేస్తారు, ఒక్కొక్కరి మీదా 20 కిలోలు దాటకూడదని రూల్. ఉరుబాంబా నది దాటి నడవడం మొదలుపెడితే మొత్తం 40 కిలోమీటర్లు దాటుతుంది. మనవాళ్లకి ఈ పేరు భలే సరిపోతుంది. "ఎంత దూరం?" అని అడిగితే "ఇంకా... ఇంకా..." అనే జవాబు.

రెండో రోజు అసలు పరీక్ష. 3,000 మీటర్ల దగ్గర మొదలుపెట్టి 4,215 మీటర్ల దాకా ఎక్కాలి. ఆ కనుమ పేరు వార్మివాన్యుస్కా, అంటే చనిపోయిన స్త్రీ. కింద నుంచి చూస్తే కొండ గీత వెల్లకిలా పడుకున్న మనిషిలా ఉంటుంది. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు నేను రెండుసార్లు ఎక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర "గోవిందా" అని అరిస్తే కొంచెం ఊపిరి అందేది. ఇక్కడ అరవడానికి ఊపిరే లేదు. 20 అడుగులు, ఆగడం. ఇంకో 20 అడుగులు, ఆగడం. టొరంటో జంటలో పెద్దాయనకి 60 దాటాయి. భర్త ముందు నడుస్తూ ప్రతి మలుపులోనూ వెనక్కి చూసేవాడు. చెయ్యి అందించేవాడు కాదు, ఊరికే చూసేవాడు. 31 ఏళ్ల అలవాటు కాబోలు.

పైన చల్లటి గాలిలో, గైడ్ అందరికీ వేయించిన వేరుశనగలు పంచాడు. "ఇవి మా ఊరివి" అన్నాను. "లేదు, మావి" అన్నాడు. నిజమే. మనం మాదే అనుకునే వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. బంగాళాదుంప అయితే సాక్షాత్తూ ఈ ఆండీస్ కొండలదే.

వచ్చారు, తిన్నారు, వెళ్లారు

రాత్రి భోజనాల టెంట్‌లో పెద్ద టాపిక్స్ ఏమీ నడవలేదు. బొబ్బలకి ఏ ప్లాస్టర్ మంచిది, ఎవరి బాస్ ఎలాంటివాడు, ఎవరి బాయ్‌ఫ్రెండ్‌కి వంట రాదు, ఇవే. మామూలు ఆఫీస్ ట్రిప్‌లో మామూలు మగవాళ్లు మాట్లాడుకునే మాటలే. కానీ నేను ఏ వాక్యమూ ముందుగా మనసులో ఎడిట్ చేసుకోకుండా పైకి అన్నది అక్కడే.

ఎడిట్ అంటే ఏంటో చెప్తాను. తెలుగులో క్రియ దగ్గరే దొరికిపోతాం. "వచ్చాడు" అంటే అబ్బాయి, "వచ్చింది" అంటే అమ్మాయి. అందుకే నాలాంటివాళ్లం చాలామందిమి మర్యాద వెనకాల దాక్కుంటాం. "మా ఫ్రెండ్ వచ్చారు, తిన్నారు, వెళ్లారు." రెండేళ్లు ఒకడిని ప్రేమించి, ఇంట్లో ఫోన్లో అతని గురించి ఏదో కలెక్టర్ గారి గురించి చెప్పినట్టు చెప్పాను. మా అమ్మ "ఎవర్రా ఆ పెద్దమనిషి?" అని ఒకసారి అడిగింది కూడా.

ఈ కథ చెప్తే టెంట్‌లో అందరూ నవ్వారు. స్పానిష్‌లోనూ ఇదే గొడవ అన్నాడు టీచర్, విశేషణం చివర 'ఓ'నా 'ఆ'నా అన్నదాంట్లోనే పట్టుబడిపోతారట. గైడ్ ఇంట్లో మాట్లాడేది కెచువా, ఇంకాల కాలం నుంచీ వస్తున్న భాష. అతను తాపీగా అన్నాడు: "మా భాషలో ఆ బాధే లేదు. అతను అన్నా, ఆమె అన్నా ఒకటే మాట. పాయ్." ఆ రాత్రి నుంచి మా గ్రూపులో ఎవరు ఎవరి గురించి మాట్లాడినా "పాయ్" అనే.

మూడో రోజు సాయంత్రం ఒక పోర్టర్ గైడ్‌ని కెచువాలో ఏదో అడిగాడు. గైడ్ కాస్త మొహమాటపడుతూ మాకు చెప్పాడు: "వీళ్లకి పిల్లలుంటారా అని అడుగుతున్నాడు." టొరంటో పెద్దాయన ఫోన్ తీసి, దత్తత తీసుకున్న కూతురి గ్రాడ్యుయేషన్ ఫొటో చూపించాడు. పోర్టర్ చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి తన ఫోన్ తీసి తన ముగ్గురు పిల్లల్నీ చూపించాడు. అతను మా గురించి లోపల ఏమనుకున్నాడో నేను చెప్పలేను. పిల్లల ఫొటోలు మాత్రం ఇద్దరూ పూర్తిగా చూసుకున్నారు.

పెరూ స్వర్గమని చెప్పడం లేదు. లిమాలో గే హక్కుల కోసం పనిచేసే సంస్థ 1982 నుంచే ఉంది. అయినా అక్కడ ఇద్దరు మగవాళ్ల పెళ్లిని చట్టం ఇప్పటికీ గుర్తించదు. మన దగ్గరా అంతే. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ విషయంలో మమ్మల్ని నేరస్తుల జాబితా నుంచి తీసేసింది, 2023 అక్టోబర్ 17న పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేమంది. అంటే నేను బయల్దేరిన దేశమూ, నడిచిన దేశమూ ఈ విషయంలో దాదాపు ఒకే మెట్టు మీద ఆగి ఉన్నాయి.

సూర్యద్వారం

ఈ ట్రైల్ గొప్పతనం ఏంటంటే, శిథిలాలు చివర్లో ఒక్కసారే రావు. దారి పొడవునా ఒక్కొక్కటిగా వస్తాయి. కొండ కొమ్ము మీద సాయక్‌మార్కా, మబ్బుల పైన పుయుపాతామార్కా, ఆఖరి క్యాంప్ దగ్గర వాలులోకి మెట్లుమెట్లుగా దిగే వినాయ్ వాయ్నా. ఆ పేరుకి ఎప్పటికీ యవ్వనం అని అర్థం. సున్నం, సిమెంటు లేకుండా రాతికి రాయి పేర్చిన గోడలు. మంచి గోడల్లో సందులో బ్లేడు కూడా దూరదు. ఇంకాలకి మనలాగా రాత లేదు, ముడులు వేసిన తాళ్లతో లెక్కలు దాచుకునేవారు. డేటాబేస్‌లతో పనిచేసే నాకు ఆ తాళ్ల మీద ఇప్పటికీ అసూయే.

నాలుగో రోజు తెల్లవారుజామున మూడున్నరకే లేపారు. చెక్‌పోస్ట్ ఐదున్నరకి తెరిస్తే, హెడ్‌ల్యాంప్ వెలుతురులో నడక. చివర్లో నిచ్చెనలా నిలబడ్డ మెట్లు. చేతులతో పాకుతూ ఎక్కితే ఇంతి పుంకు, అంటే సూర్యద్వారం. కింద మొత్తం తెల్లటి మంచు. పావుగంట ఏమీ కనిపించలేదు. తర్వాత పొగమంచు ఒక పక్క నుంచి జరిగి ముందు మెట్ల పొలాలు, తర్వాత గోడలు, ఆ వెనక వాయ్నా పిచ్చు శిఖరం కనిపించాయి. 15వ శతాబ్దంలో కట్టిన ఊరు. 1911లో హైరమ్ బింగమ్ వచ్చాకే ప్రపంచానికి తెలిసిందంటారు గానీ, ఆయన్ని పైకి తీసుకెళ్లింది కింద వ్యవసాయం చేసుకునే మెల్చోర్ ఆర్తియాగా. అక్కడివాళ్లకి ఆ ఊరు ఎప్పుడూ తెలుసు.

కొలరాడో నర్సు ఏడ్చాడు. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, 'రోబో' గుర్తొచ్చింది. రజనీకాంత్, ఐశ్వర్యారాయ్ స్టెప్పులేసిన 'కిలిమంజారో' పాట తీసింది ఇక్కడే. కిలిమంజారో ఉన్నది ఆఫ్రికాలో, షూటింగ్ పెరూలో, పాట మన టీవీల్లో. ఈ ముక్క చెప్తే గైడ్ నమ్మలేదు. కిందికి దిగాక యూట్యూబ్‌లో చూపించాను.

ఆగ్వాస్ కాలియెంతెస్ ఊళ్లో వైఫై దొరగ్గానే ఇంటి గ్రూప్‌లో ఫొటోలు పెట్టాను. పది నిమిషాల్లో అమ్మ వీడియో కాల్.

"ఎండకి ఎంత నల్లబడ్డావురా! మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

"బానే ఉన్నాయమ్మా."

"గ్రూప్ ఫొటోలో ఒక్క ఆడపిల్ల కూడా లేదేంట్రా?"

"మగవాళ్ల గ్రూపేనమ్మా. టెంట్‌లో నాతో పడుకున్నది ఎర్ర టోపీ అతను. మంచోడు. గురక మాత్రం దారుణం."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఫొటో మళ్లీ పెద్దది చేసి చూస్తోందని తెలుస్తోంది. తర్వాత "ఆ పెద్దాయన, పక్కనాయన అన్నదమ్ములా?" అంది.

"కాదమ్మా. 31 ఏళ్లుగా కలిసి ఉంటున్నారు."

"ఓహో," అంది. ఇంకాసేపు ఆగి, "తిన్నావా?" అంది. తిన్నానన్నాను. ఆ రోజుకి అంతే.

ఇది చదివి మీకూ వెళ్లాలనిపిస్తే: ఇండియన్ పాస్‌పోర్ట్ మీద కనీసం ఆరు నెలల గడువున్న అమెరికా వీసా ఉంటే పెరూకి విడిగా వీసా అక్కర్లేదు, కానీ బయల్దేరేముందు ఒకసారి చెక్ చేసుకోండి. ఖర్చు తక్కువేం కాదు, నేను ఏడాది దాచాను. గే గ్రూప్ అయితే పర్మిట్‌తో పాటు ఆ గ్రూప్‌లో సీటు కూడా దొరకాలి.

అందరూ పెరూ వెళ్లలేరు. నిజానికి వెళ్లాల్సిన అవసరమూ ఉండకూడదు. ఈ చలికాలం మీ ఆఫీస్ నుంచి కూడా ఏదో ఒక ట్రెక్ బయల్దేరుతుంది. టెంట్ల లిస్ట్ ఎవరో ఒకరు రాస్తారు. ఆ ఎక్సెల్ షీట్ మీ చేతికొస్తే, అందరి పేర్లూ మూడేసి చొప్పున రాయండి. ఎవరికైనా విడిగా టెంట్ కావాలంటే వాళ్లే అడుగుతారు. పైన చలి అందరికీ ఒకటే.