కావడి బద్దా, బుట్టలా

మా ఊళ్ళో నాలుగిళ్ళ వాళ్ళం కలిసి ఒక పికప్ బండి కొన్నాం. పాతదే. అది రాకముందు పసుపు, మిరియాలు, పనసకాయలు అన్నీ కావడి మీదే పాడేరు వైపు సంతలకు దిగేవి. కొండ దిగితేగానీ తారురోడ్డు రాదు మాకు. మా తాతల భుజాల మీద కావడి కాయలు ఇప్పటికీ ఉన్నాయి. మా భుజాల మీద లేవు. ఆ గర్వం మాకు కొంచెం ఎక్కువే.

కొన్న రెండో ఏడు బండి ఎడమపక్కకు ఒరిగి నిలబడటం మొదలుపెట్టింది. సంతలో తెలిసినవాళ్ళు "మీ బండికి కాలు నొప్పా?" అని నవ్వేవారు. మేమూ నవ్వి ఊరుకున్నాం.

వానాకాలంలో ఒక రాత్రి ఆ నవ్వు పోయింది. పై ఊరి నుంచి నొప్పులు పడుతున్న ఒక అక్కను డోలీలో మా ఊరి దాకా మోసుకొచ్చారు. అంబులెన్సు కొండ ఎక్కలేదు. బండిలో గడ్డి పరిచి, దుప్పటి వేసి పడుకోబెట్టాం. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని మాకు తెలుసు. ఆ రాత్రి ఇంకో బండి లేదు. కుడికి తిప్పిన ప్రతిసారీ బండి ఎడమకు, లోయ వైపుకు వాలిపోయేది. వెనక నుంచి ఆడవాళ్ళ కేకలు. బిడ్డ ఆస్పత్రిలో క్షేమంగానే పుట్టింది. నొప్పులకంటే ఆ వాలుకే ఎక్కువ భయపడ్డానని ఆ అక్క తరవాత చెప్పింది.

వెనక చక్రాల మీద బరువు మోసేవి కమాన్లు. విల్లులా వంచిన ఉక్కుపట్టీలను, పెద్దదాని కింద చిన్నది చొప్పున పేర్చి, నడుమ ఒక బోల్టు బిగించి, యూ బోల్టులతో ఇరుసుకు కడతారు. ఎడమ కమాను వంపు పోయి చదునైందని చూడగానే తెలిసింది. ఇంకేం, ఆ ఒక్క పక్కనే ఒక పట్టీ అదనంగా వేయించాం. ఖాళీ బండి చక్కగా నిలబడింది. ఫోటోలు కూడా తీసుకున్నాం.

సంతరోజు రెండు పక్కలా నిండుగా బస్తాలు వేసేసరికి ఈసారి కుడికి ఒరిగింది! ఎడమ కమాను గట్టిపడింది, కుడిది మునుపటిలాగే మెత్తగా ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు కుదిరిన ఎత్తు బరువు పడగానే తప్పింది.

మా తాత చూసి అడిగాడు: "కావడి ఒక పక్కకు వాలితే బద్దకు కట్టు కడతార్రా, బుట్టలు చూస్తారా?"

బుట్టలు చూడటమంటే మేం బరువు ఎక్కడ వేస్తున్నామో చూడటం. మా ఊళ్ళో బండి ఆగే చోట ఎడమపక్కన ఎత్తు గట్టు ఉంది. బస్తాను గట్టు మీది నుంచి అలా దొర్లిస్తే బండిలో పడుతుంది. పడినచోటే వదిలేసేవాళ్ళం. కుడికి లాగడానికి బద్ధకం. రెండేళ్ళు ఎడమ కమాను ఒక్కటే ఎక్కువ బరువు మోసింది. కట్టిన వాడి తప్పుకాదు, కొన్న వాళ్ళ తప్పు. ఇది ఒప్పుకోవడానికి మాకు వారం పట్టింది.

ఆ అదనపు పట్టీ తీసేసి, ఈసారి పద్ధతిగా కొలిచాం. నాలుగు టైర్లకూ గాలి చూసి, ఎడమా కుడీ తేడా లేకుండా పట్టించాం. బడి ముందు సిమెంటు గచ్చు చదునుగా ఉంటుంది, అక్కడ బండి నిలిపాం. చక్రం నడిమి నుంచి పైనున్న బాడీ అంచు దాకా టేపు పెట్టాం. మాస్టారు అయిదో తరగతి పిల్లల్ని పిలిచి అంకెలు రాయించారు. తీసివేత లెక్క ఆ రోజు అందరికీ వచ్చింది. వెనక ఎడమపక్క అంగుళంన్నర తక్కువ.

చోడవరంలో కమాను మేస్త్రీ రెండు కట్టలూ విప్పించాడు. ఒక్క పక్కే చేయమంటే వినలేదు. రెండింటి పట్టీలూ ఒకే వంపుకు కొట్టించి, అరిగిన బుష్షులు రెండు పక్కలా మార్చాడు. బండిని జాకీ మీద నుంచి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే బోల్టులు ఆఖరుగా బిగించాడు. కొన్ని రోజులు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించుకోమన్నాడు.

మాలో ఒకడికి ఇంకో కోరిక ఉంది. ఖాళీ బండి వెనకభాగం ఎత్తుగా ఉంటుంది కదా, అది దించి ముందూ వెనకా సమానం చేస్తే అందంగా ఉంటుందని. ఇంకొకడు ఇంకా లేపమన్నాడు, మరో పది బస్తాలు పడతాయని. మేస్త్రీ ఇద్దర్నీ ఒకే చూపు చూశాడు. ఆ ఎత్తు సరుకు కోసం ఉంచింది, బరువు పడితే బండి తానే సమానంగా వస్తుంది. మోతాదు దాటి వేస్తే వెనక కుంగి, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల మీద పడతాయి, ఎదుటి బండివాడి కళ్ళు చెదురుతాయి. ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. ఘాట్‌లో అది ఎలా ఉంటుందో మాకు చెప్పక్కర్లేదు.

మా బండికి ఇరుసు నుంచి బ్రేకు వాల్వుకు ఒక కడ్డీ ఉంది. బండి ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకు ఎంత పట్టాలో తేల్చేది అదే. వెనక లేపి ఆ కడ్డీని సరిచేయకపోతే, బరువున్నా లేదనుకుని వెనక బ్రేకు తక్కువ పట్టిస్తుంది. పది బస్తాలు అడిగినవాడు ఆ తరవాత మాట్లాడలేదు.

ఇప్పుడు లోడు వేసేటప్పుడు బండిలో ఒకడు నిలబడి బస్తాలు కుడికి లాగాలి. ఆ పని ఎవరికీ ఇష్టం లేదు, వంతులు వేసుకున్నాం. వంతు ఎవరిదని ప్రతి సంతకూ గొడవే. తాత గట్టు మీద కూర్చుని, చుట్ట నోట్లోంచి తీయకుండానే, "కుడికిరా, కుడికి" అంటుంటాడు.