పడవకన్నా ముందు నీళ్లు వెతకాలి!

జనవరి వచ్చిందంటే హైదరాబాద్ పిల్లలకు రెండు పండగలు. ఒకటి సంక్రాంతి, రెండోది నుమాయిష్. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో గాజుల కొట్లు, మిర్చిబజ్జీల పొగ దాటుకుని వెళ్తే ఏదో ఒక మూల ప్లాస్టిక్ టబ్బు ముందేసుకుని ఒకాయన కూర్చుని ఉంటాడు. టబ్బులో రేకు పడవ. దాని కడుపులో చిన్న ఒత్తి వెలుగుతుంటుంది. ‘టక టక టక’మంటూ పడవ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. లోపలున్న కాసిని నీళ్లు ఆవిరై వెనక గొట్టాల్లోంచి తన్నుకొస్తాయి. ఆవిరి చల్లబడగానే మళ్లీ నీళ్లు లోపలికి ఎక్కుతాయి. ఇంజిను లేదు, బ్యాటరీ లేదు. అంతే కిటుకు!

ఈ నుమాయిష్‌ను 1938లో మొదలుపెట్టింది ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులే. హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వే చేయించడానికి డబ్బు కావాల్సి వచ్చి ఈ ప్రదర్శన పెట్టారు. అంటే ఆ రేకు పడవకూ, మా లాలాపేట పక్కనున్న యూనివర్సిటీకీ ఎక్కడో చుట్టరికం ఉన్నట్టే!

కానీ మావాడికి ఆ చుట్టరికం అక్కర్లేదు. పదేళ్లవాడు. టబ్బు ముందు అయిదు నిమిషాలు నిలబడి, ‘‘డాడీ, ఇది మనం చెప్పినట్టు వినదు కదా! రిమోట్‌ది కొందాం’’ అన్నాడు.

పెట్టె మీది బొమ్మ చూసి...

కొన్నాం. పెట్టె మీద నురగలు చిమ్ముతూ దూసుకుపోతున్న ఎర్ర పడవ బొమ్మ ఉంది. దాన్ని చూసే కొన్నాం. ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టి మీట నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. పాడైన సరుకు అంటగట్టారని నేను కోపంగా బయల్దేరబోతుంటే, మావాడు పొరపాటున తడి చేత్తో పడవ అడుగు భాగం పట్టుకున్నాడు. గిర్రున తిరిగింది మోటారు. తర్వాత తెలిసింది... చాలా బొమ్మ పడవలకు అడుగున రెండు చిన్న లోహపు బిళ్లలుంటాయి. అవి రెండూ తడిస్తేనే మోటారు తిరుగుతుంది. పిల్లల వేళ్లు రెక్కలో పడకుండా చేసిన ఏర్పాటన్నమాట.

ఆ ఆదివారమే ఊరి చివర చెరువుకు తీసుకెళ్లాను. రెండు నిమిషాలు బ్రహ్మాండంగా తిరిగింది. తర్వాత గట్టుకు ముప్ఫై అడుగుల దూరంలో ఆగిపోయింది. రెక్కకు ఏదో నాచు చుట్టుకుంది. నేను కర్ర కోసం అటూ ఇటూ చూస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి మావాడి చెప్పులు గట్టుమీద ఉన్నాయి. వాడు మోకాలి లోతు నీళ్లలో ఉన్నాడు. ఇంకో అడుగు వేస్తే లోతెంతో నాకూ తెలియదు. చొక్కా కాలరు పట్టుకుని ఈడ్చేశాను. ఆ సాయంత్రం ఇద్దరం మాట్లాడుకోలేదు. పడవ అక్కడే ఉండిపోయింది.

రెండో పడవ అడిగినప్పుడు ఒకే షరతు పెట్టాను. ‘‘ముందు నీళ్లు వెతుకుదాం, తర్వాత పడవ.’’

లాలాపేట నుంచి నీళ్ల కోసం

లాలాపేటలో పాలకు కొదవ లేదు. విజయ డెయిరీ అంటే జంటనగరాల వాళ్లకు లాలాపేటే గుర్తొచ్చేది. రైలు కూతలకూ కొదవ లేదు. పక్కనే నిజాం కాలంలో 1893లో మొదలైన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. లేనిదల్లా పిల్లవాడు పడవ వదులుకునే నీళ్లే!

తార్నాక చౌరస్తాకు నడిచాం. ఒకప్పుడు ఇక్కడ తీగలు కట్టిన నాకా ఉండేదని, తార్, నాకా కలిసి తార్నాక అయిందని చెబుతారు. ఇప్పుడు తల మీదుగా మెట్రో పోతుంది. 2017 నవంబరులో రైలు మొదలయ్యాక ఈ చౌరస్తాలో తలెత్తి చూసేవాళ్లు ఎక్కువయ్యారు. జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధన సంస్థ అన్నీ ఇటే. ఇంతమంది శాస్త్రవేత్తల మధ్య నీళ్లకు మాత్రం కరువే.

చౌరస్తా దాటి క్యాంపస్‌లోకి వెళ్తే ఒక్కసారిగా గాలి మారుతుంది. పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లు, చెట్ల కింద పుస్తకాలు పట్టుకున్న పోటీపరీక్షల కుర్రాళ్లు. ఎదురుగా 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ, గులాబీ రంగు గ్రానైటుతో. మావాడు మాత్రం, ‘‘ఇక్కడ చెరువుందా?’’ అని అడుగుతూనే ఉన్నాడు.

చెరువు లేదుగానీ బావి ఉంది. మహలఖా బాయి చందా పేరుతో చెప్పుకునే మెట్లబావి. ఆవిడ 1768లో పుట్టింది. ఉర్దూలో గజళ్లు రాసింది. నిజాం దర్బారులో గౌరవం పొందింది. ఈ అడిక్‌మెట్ నేలంతా ఆవిడ జాగీరే. మౌలాలి గుట్ట కింద ఆవిడ సమాధి ఉంది. బావి కట్టడం చూసి మావాడు కళ్లు పెద్దవి చేశాడు గానీ, నేను తల అడ్డంగా ఊపాను. బావిలో పడవ ఆగిపోతే తీసే దారి లేదు. పైగా అది ఆడుకునే చోటు కాదు, కాపాడుకోవలసిన చోటు.

ఇక మిగిలినవి చెరువులు. సఫిల్‌గూడ, నాచారం, రామంతాపూర్... పేర్లు చెప్పుకోవడానికి బాగానే ఉంటాయి. నగరంలో చెరువుల సంగతి మీకు తెలియంది కాదు. మురుగు, గుర్రపుడెక్క. ఆ ఆకులు ఒక్క పోగు చుట్టుకుంటే చిన్న మోటారు చేతులెత్తేస్తుంది. ఆ నీళ్లలో తడిసిన పడవను పిల్లలు చేత్తో పట్టుకోవడమూ మంచిది కాదు. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి గానీ, అక్కడి గాలికీ అలలకూ మూరెడు బొమ్మ ఏ మూలకు!

చివరికి తేలిందేమిటంటే, మాకు రెండు రకాల నీళ్లున్నాయి. ఒకటి, డాబా మీద పెట్టే ఆరడుగుల గాలి టబ్బు. రెండోది, జనగామ వైపు మా ఊరి చెరువు. పడవ ఈ రెండిటికీ సరిపోవాలి.

ఏది కొనాలి?

నీళ్లు తేలాక పడవ ఎంచుకోవడం సులువైంది. గంటకు నలభై, యాభై కిలోమీటర్లు పరిగెత్తే బ్రష్‌లెస్ మోటారు పడవలు చూడ్డానికి బాగుంటాయి. కానీ వాటికి విశాలమైన శుభ్రమైన నీళ్లు, అనుభవమున్న చేయి కావాలి. మొదటి పడవకు వేగం శత్రువు. తెరచాప పడవకు పెద్ద మోటారే అక్కర్లేదు, ఒకసారి ఛార్జి చేస్తే చాలాసేపు వస్తుంది. కానీ దానికి లోతూ, గాలీ కావాలి. ఫ్యాను పైన ఉండే పడవకు నాచు బెడద తక్కువ, వెనక్కి రావడం మాత్రం చాలావాటికి చేతకాదు.

మాలాంటివాళ్లకు మంచిది అడుగున్నర లోపు పొడవుండి, నెమ్మదిగా వెళ్లే రెండు మోటార్ల పడవ. ఒక మోటారు ఆపితే పడవ అటు తిరుగుతుంది. చుక్కాని విరుగుతుందన్న భయం లేదు. బోల్తా పడితే తనంతట తాను లేచేది దొరికితే ఇంకా మేలు. రంగు నారింజో పసుపో అయి ఉండాలి. నీలం, ఆకుపచ్చ పడవ యాభై అడుగులు దాటితే నీళ్లలో కలిసిపోతుంది.

రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌ది తీసుకోండి. పాత 27 మెగాహెర్ట్జ్ బొమ్మల్లో ఒకడు మీట నొక్కితే పక్కవాడి పడవ తిరిగేది. ఇందులో ఆ పేచీ ఉండదు. కాకపోతే ఈ తరంగాలను నీళ్లు మింగేస్తాయి కాబట్టి పడవలోని యాంటెన్నా నీటి మట్టానికి పైన ఉండాలి.

బ్యాటరీ సాధారణంగా పది, ఇరవై నిమిషాలే వస్తుంది. రెండోది కొనుక్కోండి. లిథియం బ్యాటరీని ఆరుబయట, పెద్దవాళ్లు చూస్తుండగా ఛార్జి చేయాలి. రాత్రంతా వదిలేసి పడుకోకూడదు. ఉబ్బితే ఇక దాన్ని వాడొద్దు. పిల్లల బొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పెట్టె మీద నురగల బొమ్మకన్నా ముందు ఆ గుర్తు వెతకండి. ఆట అయ్యాక లోపలి నీళ్లు ఒంపి, ఆరబెట్టి, రెక్క ఇరుసుకు కాస్త గ్రీజు రాస్తే మరుసటి ఏడాదికీ పనికొస్తుంది.

ఇది పిల్లలాటేనా?

మా నాన్న అదే అన్నారు. అప్పుడు మావాడికి టెస్లా కథ చెప్పాను. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా నీళ్ల తొట్టిలో పడవ పెట్టి, దూరం నుంచి రేడియో తరంగాలతో నడిపించాడు. ఆ ఏడాది నవంబరులో పేటెంటు వచ్చింది. ఇవాళ్టి డ్రోన్లకూ, రిమోట్ బొమ్మలకూ అదే తాత.

అంత దూరం ఎందుకు? మన విశాఖపట్నంలో, 1969లో మొదలైన నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవున్న నీటి తొట్టి ఉంది. వెడల్పు 8 మీటర్లు, లోతూ 8 మీటర్లే. నౌకాదళం ఓడ కట్టే ముందు దాని నమూనా చేసి ఆ తొట్టిలో లాగి చూస్తారు. ఎన్‌సీసీ నౌకా విభాగం 1952లో మొదలైంది. ఓడల నమూనాలు చేయడం అందులో శిక్షణాంశమే, పోటీలూ ఉంటాయి. పడవ మీద ఇష్టం నిలిస్తే పిల్లలకు అదొక దారి.

బతుకమ్మ మర్నాడు

కొత్త పడవ నెలరోజులు డాబా మీద టబ్బులోనే తిరిగింది. తిప్పడం, ఆపడం, వెనక్కి తేవడం చేతికి వచ్చాకే ఊరికి తీసుకెళ్లాం. సద్దుల బతుకమ్మ మర్నాడు. వానలకు చెరువు నిండుగా ఉంది. గట్టు పొడవునా రాత్రి వదిలిన తంగేడు, గునుగు పూలు.

మేం మూడు నియమాలు పెట్టుకున్నాం. గాలి ముఖానికి తగిలేవైపు నిలబడాలి. అలా అయితే పడవ ఆగినా కొట్టుకుని మనవైపే వస్తుంది. ఖాళీ సీసాలో కాసిని నీళ్లు పోసి, దానికి పొడవాటి నైలాన్ దారం కట్టి దగ్గర ఉంచుకోవాలి. మూడోది... పడవ పోయినా సరే, నీళ్లలో దిగకూడదు.

పావుగంట బాగా తిరిగింది. గట్టుమీద మా ఊరి పిల్లలంతా చేరారు. అంతలో పూలగుట్టల వైపు మళ్లింది. గునుగు కాడ రెక్కకు చుట్టుకుంది కాబోలు, టక్కున ఆగింది. పిల్లలు ‘ఓ...’ అని అరిచారు. ఒకడు నిక్కరు పైకి మడుస్తున్నాడు.

మావాడు వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. తర్వాత నావైపు చూడకుండానే చెయ్యి చాపాడు.

‘‘డాడీ, సీసా ఇవ్వు.’’

మొదటిసారి విసిరితే ఇవతలే పడింది. రెండోసారి పడవ అవతల పడింది. దారం పడవ మీదుగా వాలింది. వాడు మెల్లగా లాగుతున్నాడు. తంగేడు పూలతో సహా పడవ గట్టుకు వచ్చింది. వాడి చెప్పులు కాళ్లకే ఉన్నాయి.