ఆ ఒక్క పాయింటు

2022 ఏప్రిల్ 30, శనివారం. పెదకాకానిలో మా అమ్మ వాళ్లింటి వరండాలో కూర్చుని తమ్ముడి ఫోన్లో ఒక వీడియో ముక్కని మళ్లీ మళ్లీ చూశాం. మనీలాలో ఆసియా బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్. పి.వి. సింధు మొదటి గేమ్ 21-13తో గెలిచింది. రెండో గేమ్‌లో 14-11తో ముందుంది. సర్వీసు చేయడానికి ఆలస్యం చేస్తోందని అంపైర్ ఒక పాయింటు జపాన్ క్రీడాకారిణి అకానె యమగుచికి ఇచ్చేశారు. ఎదుటి అమ్మాయి ఇంకా సిద్ధంగా లేదని సింధు చెప్పింది. రెఫరీతోనూ వాదించింది. నిర్ణయం మారలేదు. తర్వాత రెండు గేములూ 19-21, 16-21తో పోయాయి. కాంస్య పతకం మిగిలింది.

"ఒక్క పాయింటేగా అక్కా. అప్పటికీ తనే ముందుందిగా. మనసు నిలుపుకుని ఆడాల్సింది" అన్నాడు తమ్ముడు. వాడు సింధు వీరాభిమాని. రెండు రోజులపాటు అంపైర్‌ని తిట్టిన నోటితోనే ఈ మాట కూడా అన్నాడు. బజార్లోనూ, బస్సులోనూ ఇదే విన్నాను. తప్పు వాళ్లదే, కానీ ఈమె తట్టుకోవాల్సింది.

పక్కనే కూర్చున్న పిన్ని మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. కిలోల లెక్కన కూలి. ఆ ఏడాది నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేయడంతో పని కూడా తగ్గిపోయింది. తమ్ముడి మాట విని తన సంగతి చెప్పింది. ఒకసారి కాటా దగ్గర గుమస్తా గోతాం తరుగు రెండుసార్లు తీశాడట. ఇందాకే తీశావు గదయ్యా అంటే, "రాసేశాను, ఇంక మారదు" అన్నాడట.

"ఎంత పోయింది పిన్నీ?"

"రెండు కిలోలేలే. కానీ ఆ రోజంతా నాకు చెయ్యాడలేదు."

నాకు నా పరిశోధన రోజులు గుర్తొచ్చాయి. ఒక సదస్సులో నాకు పదిహేను నిమిషాలిచ్చారు. నా ముందు మాట్లాడిన పెద్దాయన అరగంట తీసుకున్నా ఎవరూ ఏమీ అనలేదు. నాకు పదో నిమిషంలోనే చీటీ వచ్చింది. ఇంకా సమయముందని అన్నాను. అధ్యక్షులు నవ్వి గడియారం చూపించారు. మిగిలిన పేజీలు గబగబా చదివేశాను. భోజనాల దగ్గర ఒకరు ప్రేమగానే అన్నారు, "పేపరు బావుందమ్మా, చివర్లోనే కంగారు పడ్డావు" అని. ఆ కంగారు నా స్వభావమేనని చాలా ఏళ్లు నమ్మాను.

అన్యాయపు నిర్ణయం చేసే అసలు పని ఇదే అనుకుంటాను. పోయేది ఒక పాయింటే, రెండు కిలోలే, ఐదు నిమిషాలే. ఆ తర్వాత మనం చేసే ప్రతి పొరపాటూ మాత్రం మన ఖాతాలోకే వస్తుంది. బ్యాడ్మింటన్‌లో షటిల్ గీత లోపల పడిందా బయట పడిందా అన్నదానికి వీడియో సమీక్ష కోరవచ్చు. ఎవరు ఆలస్యం చేశారు, ఎవరు సిద్ధంగా ఉన్నారు అన్నదానికి ఆ అవకాశం లేదు. అది చూసేవాళ్ల అంచనా. స్త్రీల విషయంలో ఆ అంచనాలు ఎలా ఉంటాయో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

2017 ఏప్రిల్‌లో అమెరికాలో ఏఎన్ఏ ఇన్‌స్పిరేషన్ అనే మహిళల మేజర్ గోల్ఫ్ టోర్నీ జరిగింది. ఆదివారం చివరి రౌండ్లో లెక్సీ థామ్సన్ ఆధిక్యంలో ఉంది. శనివారం ఆమె బంతిని సరిగ్గా తీసిన చోటే తిరిగి పెట్టలేదని టీవీలో చూసిన ఒక ప్రేక్షకుడు ఈమెయిల్ పంపాడు. దానికి రెండు స్ట్రోకులు, తప్పు స్కోరుకార్డు ఇచ్చినందుకు ఇంకో రెండు, మొత్తం నాలుగు జరిమానా. ఆ మాట పన్నెండో హోల్ అయ్యాక చెప్పారు. ఆమె కళ్లు తుడుచుకుంటూ ఆడింది. జనం ఆమె పేరే అరుస్తూ వెంట నడిచారు. చివరికి ప్లేఆఫ్‌లో ఓడిపోయింది. 2018 జనవరి నుంచి ఇలాంటి ప్రేక్షకుల ఫిర్యాదుల్ని పట్టించుకోకూడదని గోల్ఫ్ సంస్థలు నిర్ణయించాయి.

అయితే ఆ రోజు గెలిచిన కొరియా అమ్మాయి సో యాన్ ర్యూ పేరు ఎంతమందికి గుర్తుంది? యమగుచి అప్పటికి ప్రపంచ ఛాంపియన్. ఆమె గెలుపు కూడా మా వరండాలో దొంగ గెలుపై కూర్చుంది. నిర్ణయం చేసినవాళ్లు తెర వెనక్కి వెళ్లిపోతారు. ఇద్దరు స్త్రీలు ఒకరికెదురుగా ఒకరు మిగులుతారు. 2018 యూఎస్ ఓపెన్ ఫైనల్లో అంపైర్‌తో గొడవపడినప్పుడు సెరెనా కోపం చాలామందికి అహంకారంగా కనిపించింది. గెలిచిన నవోమి ఒసాకా బహుమతి వేదిక మీద ఏడ్చింది. కన్నీళ్లకైతే జాలి దొరుకుతుంది. కోపానికి ముందు మర్యాద పాఠం దొరుకుతుంది.

అభిమానం సంగతీ చెప్పుకోవాలి. 2016లో రియోలో సింధు వెండి పతకం గెలిచినప్పుడు మన రాష్ట్రాలవాళ్లు ఇంటర్నెట్‌లో ఆమె కులం వెతికారు. మన అమ్మాయి అనడానికి ముందు ఏ మనమో తేల్చుకోవాలనుకున్నారు. అలాంటి అభిమానం ఓడిన రోజున నీతి చెప్పడంలో వింతేముంది?

సింధు మాత్రం ఊరుకోలేదు. ఫిర్యాదు రాసింది. 2022 జులైలో ఆసియా బ్యాడ్మింటన్ సమాఖ్య సాంకేతిక కమిటీ అధ్యక్షుడు అది మానవ తప్పిదమని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. ఫలితాన్ని మార్చే వీలు మాత్రం లేదన్నారు. పిన్నికి ఫోన్ చేసి చెప్పాను.

"పాయింటు తిరిగిచ్చారంటనా?"

"లేదు పిన్నీ."

కాసేపు ఏమీ అనలేదు. "తప్పని కాయితం మీద రాసిచ్చారుగా. మంచిదే. మాకు అదీ లేదు" అంది.

ఇప్పుడు సదస్సుల్లో అధ్యక్షత నా వంతు వచ్చినప్పుడు ఫోన్లో గడియారం పెట్టి, అందరికీ కనిపించేలా బల్ల మీద ఉంచుతున్నాను. పెద్దవాళ్లకి అది నచ్చడం లేదు. ఆమధ్య ఒక పరిశోధక విద్యార్థిని ఆ గడియారం వైపు చూసింది. ఇంకా నాలుగు నిమిషాలుందని గమనించి, నీళ్లు తాగి, నిదానంగా పేజీ తిప్పింది.