పూరిల్లు బొమ్మ డబ్బా

పండగల ముందు విజయవాడలో ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్ళినా నీలం రంగు బటర్ కుకీల డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. కొన్ని డెన్మార్క్‌వి, కొన్ని అచ్చం వాటిలాగే కనిపించే ఇండోనేషియావి. మొన్న ఒకటి కొనుక్కొచ్చాను. పిల్లలు చెరొక బిస్కెట్ కొరికి, "పొడిపొడిగా ఉంది" అని ఓరియో ప్యాకెట్ చించుకున్నారు. నాకేం బాధ కలగలేదు. నిజం చెప్పాలంటే వాళ్ళ వయసులో నాకూ తిరువూరు బస్టాండు దగ్గరి బేకరీలో దొరికే ఉప్పు బిస్కెట్లే ఎక్కువ ఇష్టం. ఆ మాట పైకి అనగలిగే రోజులు కావవి, అంతే.

పెదనాన్నగారబ్బాయి అమెరికా నుంచి మొదటిసారి వచ్చింది 2000 సంక్రాంతికి. పండగ రోజుల్లోనో, కాస్త తర్వాతో. వాకిట్లో ముగ్గుని చెరిపేస్తూ లోపలికొచ్చిన సూట్‌కేసు చక్రాలు గుర్తున్నాయి కాబట్టి పండగకే అనుకుంటాను. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని వై2కే ఊపులో విమానం ఎక్కినవాళ్ళలో మా అన్నయ్య ఒకడు. ఆ ఖర్చుల కోసం పెదనాన్న చిన్నరసాల తోట మీద రాబోయే కాపు ముందే బేరం పెట్టేశాడు. ఆ వేసవుల్లో మా తోటలో కాయ మేం కోసుకోవడానికి లేదు. షావుకారు కాపలావాడు కర్రతో నిలబడేవాడు. ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్ళు కాదు. అందుకేనేమో ఆ సూట్‌కేసులోంచి ఏది బయటికి వచ్చినా అందరం కొంచెం ఎక్కువగానే మెచ్చుకునేవాళ్ళం.

అందులోంచి అలాంటి నీలం డబ్బా ఒకటి వచ్చింది. దాని మూత చుట్టూ టేపు అంటించి ఉంది. గోటితో ఎంత గీకినా చివర దొరకలేదు. చివరికి ఎవరు విప్పారో జ్ఞాపకం లేదు. మూత లేవగానే వచ్చిన వాసన మాత్రం ఇప్పటికీ ముక్కులోనే ఉంది. వెన్న కాస్తుంటే అడుగున ఎర్రబడేటప్పుడు, ఇంకా మునగాకు వెయ్యకముందు, వచ్చే వాసన అది. నాయనమ్మ వంటింట్లోంచి లేచి వచ్చింది.

"వెన్నేరా ఇది. ఆవుదా, గేదెదా?"

"ఆవుదే అయ్యుంటుంది నాయనమ్మా. అక్కడ గేదెలు ఉండవు."

"గేదెల్లేని దేశంలో ఎలా ఉంటున్నావురా నాయనా!"

గుడ్డు వేశారేమోనని ఆవిడ అనుమానం. అన్నయ్య డబ్బా తిప్పి చదివాడు: గోధుమపిండి, వెన్న, పంచదార, కొబ్బరి, ఉప్పు. అప్పుడు ఒకటి తీసుకుని, పళ్ళతో పనిలేకుండా నోట్లోనే కరిగించుకుంది. తెల్లటి ముడతల కాగితం గిన్నెల్లో బిస్కెట్లు జట్లుజట్లుగా ఉన్నాయి. జంతికలా మెలి తిరిగిందొకటి, మధ్యలో చిల్లు ఉన్న గుండ్రటిదొకటి, పైన పంచదార పలుకులు చల్లిన పొడుగాటిదొకటి. మా దెబ్బలాటలన్నీ ఆ పంచదార దాని కోసమే. కొబ్బరిది ఎలా ఉండేదో ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు. నా వంతుకి అది రాలేదో ఏమో.

మూత మీద పూరిల్లు బొమ్మ. "అమెరికాలో కూడా పూరిళ్ళేనా అన్నయ్యా?" అన్నాను. అది అమెరికా కాదని, డెన్మార్క్ అని అక్కడ రాసి ఉంది. రాయల్ డాన్స్క్ వాళ్ళ డబ్బా. చాలా ఏళ్ళకి ఎం.ఏ. క్లాసులో హామ్లెట్ చదువుతుంటే ఎల్సినోర్ కోట వచ్చింది. ఆ ఊరిని డెన్మార్క్‌లో హెల్సింగోర్ అంటారట. 1966లో ఈ బిస్కెట్ల కంపెనీ మొదలైంది అక్కడే. రాజుగారి ప్రేతాత్మ గురించి లెక్చరర్ గంభీరంగా చెబుతుంటే నాకు వెన్న వాసన వేసింది.

చీమలు పట్టకుండా నాయనమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో డబ్బా పెట్టేది. బడి నుంచి వచ్చాక తలా ఒకటి. ఖాళీ అయిన కాగితం గిన్నె నేను పారేయలేదు. లెక్కల నోటు పుస్తకంలో దాచి బడిలో అందరికీ వాసన చూపించాను. రెండో రోజుకి పేజీలకి జిడ్డెక్కి, అటువైపు వేసిన లెక్క ఇటువైపు కనిపించేది. "లెక్కలు నూనెలో వేయించావేమ్మా?" అన్నారు మాస్టారు. క్లాసంతా నవ్వారు. నాకు మాత్రం గొప్పగానే అనిపించింది. అమెరికా జిడ్డు కదా మరి.

అందరిళ్ళలో ఆ డబ్బాలు చివరికి సూదీదారాలకి పనికొస్తాయట. మా ఇంట్లో ఆ అవకాశం రాలేదు. అన్నయ్య వెళ్ళేలోపే అది ఖాళీ అయిపోయింది. నాయనమ్మ దాన్నిండా సున్నుండలు చుట్టి పెట్టి, మూత మీద గుడ్డ కట్టి ఇచ్చింది. అలా ఆ డబ్బా వచ్చినంత దూరమూ మళ్ళీ వెళ్ళింది.

ఈమధ్య అన్నయ్య వచ్చాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో దిగితే మా ఊరు చేరేలోపు రాష్ట్రం మారుతుంది. 2022 నుంచి మా జిల్లా పేరూ మారింది, ఎన్టీఆర్ జిల్లా. నాయనమ్మ లేదు. తోటలో సగం ప్లాట్లయింది. రాత్రి డాబా మీద కూర్చున్నప్పుడు ఆ డబ్బా సంగతెత్తాను. గట్టిగా నవ్వాడు.

"అది మందుల షాపులో కొన్నానే. క్రిస్మస్ అయిపోయాక సగం ధరకి అమ్మేస్తుంటారు. అప్పుడు నా దగ్గర అంతకంటే లేదు. అక్కడెవరూ దాన్ని గొప్పగా చూడరు."

"మరి అప్పుడు చెప్పలేదేం?"

"నాయనమ్మ రెండోది తీసుకుంటుంటే ఏం చెప్పను?"

సున్నుండలు ఏం చేశావని అడిగాను. బొంబాయి ఎయిర్‌పోర్టులోనే మొదలుపెట్టాడట. రూమ్మేట్లకి ఒక్కటి కూడా మిగల్లేదు.

"డబ్బా మాత్రం చాన్నాళ్ళు ఉంది. లాండ్రీ మిషన్‌లో వెయ్యడానికి క్వార్టర్ బిళ్ళలు అందులో దాచుకునేవాణ్ణి. ఎన్నిసార్లు తుడిచినా ఆ నెయ్యి పోలేదు. బిళ్ళలన్నీ జిడ్డే."